నదులు పుట్టేచోట పండిన ద్రాక్ష

తెనాలి నుంచి గుంటూరు వెళ్లే రైలుమార్గంలో మొదటి స్టేషను అంగలకుదురు. కిటికీ పక్కన కూర్చుంటే ఊరి వ్యవసాయమంతా కళ్ల ముందు నుంచి పోతుంది. కాలవ, నల్లటి ఒండ్రు నేల, సార్వాలో వరి, వరి కోసే లోపే చల్లిన మినుము, దుక్కి లేకుండా ఆ మడుల్లోనే వేసే మొక్కజొన్న, గట్ల మీద తాడిచెట్లు. ఇలాంటి నేలలో ఎవరైనా ముచ్చటపడి పెరట్లో ద్రాక్ష తీగ నాటితే అది చావదు. పందిరెక్కుతుంది, పచ్చగా కమ్ముకుంటుంది. కాపు మాత్రం నాలుగు గుత్తులకు మించదు, అవీ పుల్లగా ఉంటాయి. వానలు మొదలయ్యేసరికి ఆకు పైన పసుపు మచ్చలు, అడుగున తెల్లటి బూజు వస్తాయి.

ఆ కాలవలో పారే కృష్ణ నీళ్లే ఎగువన మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో ద్రాక్ష తోటలను తడుపుతాయి. అక్కడ పలూస్ దగ్గర ఏర్పడిన వైను పార్కు పేరే కృష్ణా వ్యాలీ. భారతదేశపు వైను తోటలను పటం మీద గుర్తులు పెట్టి చూస్తే ఒక విషయం వెంటనే కనిపిస్తుంది. గోదావరి పుట్టే త్ర్యంబకేశ్వరానికి దగ్గర్లోనే నాసిక్ ఉంది. దేశంలో తయారయ్యే వైనులో పెద్ద వాటా ఆ ఒక్క జిల్లాదే. కృష్ణ, దాని ఉపనది భీమ పరీవాహకంలో సాంగ్లీ, సోలాపూర్, పుణె జిల్లా నారాయణగావ్ ఉన్నాయి. పెన్న పుట్టే నంది కొండల చుట్టూ కర్ణాటక తోటలున్నాయి. తెలుగునేలను తడిపే మూడు పెద్ద నదుల తలాపునే ఈ దేశపు వైను పరిశ్రమ పెరిగింది.

ఇందులో వింతేమీ లేదు. నదులు ఎత్తైన చోట పుడతాయి. వైను ద్రాక్షకు కావలసిన చల్లటి రాత్రులూ, నీరు నిలవని వాలు నేలా ఆ ఎత్తు వల్లనే వస్తాయి. సముద్రమట్టానికి నాసిక్ సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంటే, తెనాలి ప్రాంతం పది పదిహేను మీటర్ల ఎత్తున ఉంది. అయితే ఎత్తు ఒక్కటే చాలితే దేశానికి వైను రాజధాని ఎప్పుడో హైదరాబాదు అయ్యుండేది. ఐదు వందల మీటర్లు దాటిన దక్కను పీఠభూమి మీద, నాసిక్ పేరు ఎవరూ ఎత్తని రోజుల్లోనే అక్కడ ద్రాక్ష పండింది, దానితో వైను కూడా చేశారు. అయినా పరిశ్రమ అక్కడ నిలవలేదు. ఒక పంటకు పరిశ్రమ స్థాయి రావాలంటే ఏమేం కలిసి రావాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

మన దేశానికి ద్రాక్ష మద్యం కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి పనులు చెప్పే అధ్యాయం ఉంది. ధాన్యంతో, బెల్లంతో చేసే మద్యాలకు దినుసుల కొలతలతో సహా వివరం ఇచ్చిన ఆయన, ద్రాక్ష రసంతో చేసేదాన్ని మాత్రం అది వచ్చే దేశాల పేర్లతోనే కాపిశాయనం, హారహూరకం అని చెప్పి ముగించాడు. కాపిశ ఇప్పటి కాబూల్‌కు ఉత్తరాన ఉన్న ప్రాంతం. క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్, పశ్చిమ తీరంలోని భరుకచ్ఛం రేవులో దిగే సరుకుల్లో ఇటలీ వైనును ప్రత్యేకంగా పేర్కొంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాల్లో, వైను రవాణాకు వాడే మధ్యధరా దేశాల రెండు పిడుల కూజాలు ముక్కలుగా దొరికాయి. మన కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలోనూ ఇక్ష్వాకుల కాలపు శిల్పం ఒకటుంది. గడ్డం ఉన్న అర్ధనగ్న పురుషుడు, చేతిలో కొమ్ముపాత్ర, పక్కనే పీపా. అది గ్రీకుల మద్యదేవత డయొనైసస్ ప్రభావంతో చెక్కినదని కళాచరిత్రకారులు చెబుతారు. తోట రాకముందే, పదిహేడు వందల ఏళ్ల కిందటే, దాని దేవుడు కృష్ణాతీరానికి వచ్చాడన్నమాట.

తోట సంగతి గోల్కొండ రాజ్యంలో కనిపిస్తుంది. 1666-67 సంవత్సరాల్లో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద థెవెనో, హైదరాబాదులో ద్రాక్ష సమృద్ధిగా ఉందని రాశాడు. పండు జనవరిలో మొదలై, ఎండ తగిలే తీరును బట్టి ఏప్రిల్ దాకా కోతకు వస్తుందని, దానితో తెల్ల వైను చేస్తారని చెప్పాడు. కోత అయ్యాక తీగలను కత్తిరిస్తారని, నడివేసవికి మళ్లీ పుల్లటి కాయ వస్తుందని కూడా గమనించాడు. ఐరోపాలో ద్రాక్షకు ఏడాదికి ఒకటే కాపు, అది కూడా శరదృతువులో. జనవరిలో పండే ద్రాక్ష ఆయనకు విడ్డూరంగా తోచి ఉంటుంది. ఆ రెండు వాక్యాల్లో ఆయన రాసింది ఉష్ణమండల ద్రాక్ష సాగులోని అసలు కీలకం.

ద్రాక్ష చలిదేశపు మొక్క. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది. భూమధ్యరేఖకు అటూ ఇటూ 30 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్య ప్రపంచపు పేరున్న వైను తోటలన్నీ ఉండటానికి కారణం ఇదే. నాసిక్ 20 డిగ్రీల దగ్గర, హైదరాబాదు 17 దగ్గర, అంగలకుదురు 16 దగ్గర ఉన్నాయి. ఇక్కడ ద్రాక్షకు నిద్రపట్టేంత చలి ఉండదు. ఏడాది పొడుగునా ఆకుతోనే ఉంటుంది. కొమ్మ చివరి మొగ్గ పెరుగుతూ పోతుంది, కిందివి లేవవు. నిద్ర రాని మొక్కకు రైతు కత్తెరతోనే నిద్రా మెలకువా కల్పించాలి.

అందుకే దక్కనులో ఏడాదికి రెండు కత్తిరింపులు. పంట కోశాక ఏప్రిల్‌లో కొమ్మలన్నిటినీ ఒకే కణుపు మిగిల్చి కొట్టేస్తారు. కొత్త చిగుళ్లు మే, జూన్ ఎండలో పెరుగుతాయి. ఆ కొత్త కొమ్మల కణుపుల్లో, బయటికి ఏమీ కనబడని మొగ్గల లోపల, వచ్చే పంట తయారవుతుంది. మొగ్గలో సూదిమొనంత కణజాలపు ముద్ద ఒకటి పుడుతుంది. అది పూలగుత్తిగానైనా మారవచ్చు, నులితీగగానైనా మారవచ్చు. పందిరిని చుట్టుకునే నులితీగ, నోరూరించే గుత్తి, రెండూ పుట్టుకతో ఒకే అవయవం. ఎండ బాగా తగిలి, కొమ్మ మరీ ఏపుగా పెరగకుండా ఉండి, సైటోకైనిన్ అనే వృక్ష హార్మోను తగినంత అందితే అది పూలవైపు మొగ్గుతుంది. నీడ, తేమ, నత్రజని ఎక్కువై జిబ్బెరెలిన్ అనే మరో హార్మోను పైచేయి అయితే నులితీగ అవుతుంది. మన డెల్టాలో పందిరి నిండా తీగలుండి గుత్తులు లేకపోవడానికి ఇదో ముఖ్య కారణం. నీటికి కొదవ లేని బలమైన నేలలో మొక్కకు ఆకు వేయడమే సరిపోతుంది.

నాసిక్ వైపు రైతులు రెండో కత్తిరింపుకు ముందు కొమ్మలను తీసుకెళ్లి పరీక్ష చేయిస్తారు. ఒక్కో మొగ్గను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఎన్నో కణుపు మొగ్గలో గుత్తి ఉందో చూస్తారు. మూడో కణుపులో నులితీగ, ఆరో కణుపులో గుత్తి ఉన్నాయనుకోండి, కత్తెర ఆరు దాటాకే పడాలి. రకాన్ని బట్టి నాలుగైదు నుంచి పది కణుపుల దాకా ఉంచి సెప్టెంబరు, అక్టోబరుల్లో కత్తిరిస్తారు. మొగ్గలన్నీ ఒకేసారి లేవడానికి కణుపులకు హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. చలిదేశంలో శీతాకాలం చేసే పని ఆ మందు చేస్తుంది. ఇక పూత, కాయ, పాకం అన్నీ వానలు వెళ్లాక పొడి చలికాలంలో సాగి, పండు జనవరి నుంచి మార్చి లోపు కోతకు వస్తుంది. మూడున్నర శతాబ్దాల కిందట థెవెనో చూసిన క్యాలెండరు దాదాపు ఇదే. ఒక్క తేడా ఏమిటంటే, అప్పటివాళ్లకు మొగ్గ లోపలికి చూసే సాధనం లేదు.

ఇప్పుడు తాడిచెట్టు దగ్గరికి వద్దాం. తెనాలి నుంచి రేపల్లె, నిజాంపట్నం వైపు వెళ్లినా, బాపట్ల వైపు వెళ్లినా పులిసిన రసమంటే కల్లే. గీత కార్మికుడు గెల చివర రోజూ పలుచని బిళ్ల కోస్తాడు, లొట్టి కడతాడు. కారే రసంలో వందకు పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. ద్రాక్ష రసంలో ఉన్నదానికి ఇది సగమే అయినా, పులవడానికి తక్కువేమీ కాదు. మరి ద్రాక్ష రసం మీద దేశదేశాల పరిశ్రమలు లేచి, తాటి రసం ఊరి పొలిమేర ఎందుకు దాటలేదు?

తేడా పులుపులో ఉంది. చెట్టు నుంచి కారేటప్పుడు తాటి రసంలో ఆమ్లం దాదాపు ఉండదు. తీపి, వెచ్చదనం, ఆమ్లం లేకపోవడం, ఈ మూడూ ఉన్నచోట ప్రతి సూక్ష్మజీవీ పెరుగుతుంది. లొట్టిలో పాత కల్లు తడి ఉన్నా చాలు, ఈస్టులు, లాక్టిక్ బ్యాక్టీరియా, జైమోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా కలిసి పని మొదలుపెడతాయి. తెల్లవారేసరికే నురగ, సాయంత్రానికి నాలుగైదు శాతం ఆల్కహాలు. అక్కడితో ఆగదు. ఎసిటిక్ బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును గాలితో కలిపి వెనిగరుగా మారుస్తుంది. మర్నాటికి కల్లు తాగలేనంత పుల్లనవుతుంది. నిలవ ఉండని సరుకు ఊరు దాటదు.

ద్రాక్ష రసం పుట్టుకతోనే పుల్లన. దాని పీహెచ్ 3, 4 మధ్య ఉంటుంది. మనుషులకు జబ్బు చేసే బ్యాక్టీరియా దాదాపు ఏదీ అందులో పెరగదు. ఈ కాపలా కాసేది ముఖ్యంగా టార్టారిక్ ఆమ్లం. మన చింతపండుకు పులుపునిచ్చేదీ అదే. పండ్లలో ఇది ఇంత ఎక్కువగా ఉండటం అరుదు కాబట్టే, జార్జియా దేశంలో ఎనిమిది వేల ఏళ్ల నాటి కుండపెంకుల్లో టార్టారిక్ ఆనవాలు చూసి అవి ద్రాక్ష వైను కుండలని శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించగలిగారు. చింతపండు లేని వంటిల్లు లేని మన దేశంలో మాత్రం ఆ ఒక్క ఆధారం పట్టుకొని కుండను వైను కుండ అనలేం. పండిన వైను ద్రాక్షలో చక్కెర ఇరవై రెండు శాతం పైన ఉంటుంది. శాకరోమైసిస్ అనే ఈస్టు ప్రతి 180 గ్రాముల గ్లూకోజునూ 92 గ్రాముల ఆల్కహాలుగా, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువుగా విరుస్తుంది. లెక్క కాగితం మీదిదే అయినా నిజంలోనూ దానికి దగ్గరగానే నడుస్తుంది. పులవడం పూర్తయ్యేసరికి పన్నెండు, పదమూడు శాతం ఆల్కహాలు చేరుతుంది. పులుపూ ఆల్కహాలూ రెండూ కాపలా ఉంటే, గాలి తగలకుండా మూసిన పీపా నెలలు నిలుస్తుంది. నిలిస్తే ఓడెక్కుతుంది, సుంకం కడుతుంది, పేరు తెచ్చుకుంటుంది. చెడిపోతే ఎందుకు చెడిందో తెలుసుకోమని రాజులు శాస్త్రజ్ఞులను అడుగుతారు. 1860లలో మూడో నెపోలియన్ కోరిక మీద లూయీ పాశ్చర్ వైను జబ్బుల మీద పనిచేసింది అలాగే. పాలు కాచే డెయిరీల్లో నిత్యం వినే పాశ్చరీకరణ ఆ వైను పరిశోధన నుంచే వచ్చింది.

వైను తోటలు వ్యవసాయ శాస్త్రానికి ఇచ్చినవి ఇంకా ఉన్నాయి. గుంటూరు జిల్లా తమలపాకు తోటల రైతుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం తెలియనిది కాదు. ఆ బోర్డో ఫ్రాన్సులోని వైను పట్టణం. బాట పక్కన దొంగతనాలు జరగకుండా తీగల మీద మైలుతుత్తం, సున్నం చల్లితే, ఆ తీగలకే బూజు తెగులు పట్టలేదని మిలార్డె అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించాడు. 1885లో దాన్ని మందుగా ప్రకటించాడు. దానికి ముందే ఫిలోక్సెరా అనే వేరుపేను అమెరికా నుంచి వచ్చి ఫ్రాన్సు తోటలను నిలువునా తినేసింది. మన కాశ్మీరు తోటలనూ అది 1890 ప్రాంతంలో పట్టింది. విరుగుడుగా, ఆ పేనుకు లొంగని అమెరికా తీగ వేరుమూలం మీద ఐరోపా రకాన్ని అంటు కట్టారు. ఇప్పటికీ ప్రపంచపు వైను ద్రాక్షలో అత్యధిక భాగం అలా పరాయి వేళ్ల మీదనే నిలబడి ఉంది. దక్కను రైతు వేరుమూలం వాడేది మరో కారణానికి. ఉప్పుతేలిన నేలనూ నీటి ఎద్దడినీ తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ అనే అమెరికా వేరుమూలం మీద అంటు కడతాడు.

హైదరాబాదు కథకు మళ్లీ వస్తే, 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన అక్కడ నాటిన ఒక రకం ఆ నగరం పేరు దేశమంతా మోగించింది. అదే అనాబ్-ఎ-షాహీ. పొడుగాటి పెద్ద కాయ, తేనెరంగు కలిసిన లేత పసుపు, తీపి రసం. పందిరి నిండా వేలాడే గుత్తులతో హెక్టారుకు సగటున 35 టన్నులు కాసే రకమిది. ఫ్రాన్సులో పేరున్న వైను తోటలు హెక్టారుకు పది టన్నులు కూడా దాటనివ్వవు. ఇరవయ్యో శతాబ్దంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పందిరి తోటలు వేసిన రైతులు దిగుబడిలో ప్రపంచంలో ఎవరికీ తీసిపోలేదు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమూ వచ్చింది.

ఆ దిగుబడే వైనుకు అడ్డమైంది. తీగకు ఎండ నుంచి దొరికే చక్కెర ఒక లెక్కకు లోబడి ఉంటుంది. గుత్తులు ఎక్కువైతే ఒక్కో కాయకు వచ్చే వాటా తగ్గుతుంది. అనాబ్-ఎ-షాహీలో కరిగే ఘనపదార్థం, అంటే దాదాపు చక్కెర, 14 నుంచి 16 శాతం. చేత్తో తుంచుకు తినడానికి అది హాయైన తీపి. పులియబెడితే మాత్రం ఎనిమిది శాతం ఆల్కహాలు వస్తే గొప్ప. అది సరిగా నిలవ ఉండదు. నిలవ కోసం పంచదార, విడిగా ఆల్కహాలు కలపాలి. ఒకప్పుడు గోల్కొండ రూబీ వంటి పేర్లతో అమ్మిన తీపి, చిక్కటి వైన్ల వెనక ఉన్న లెక్క ఇది. వైను రకాల కాయలు చిన్నవి, తొక్క మందం, గింజలు ఎక్కువ, తినడానికి ఏమీ బాగుండవు. రంగూ, వాసనా, వగరూ ఎక్కువగా తొక్కలోనే ఉంటాయి కాబట్టి, చిన్న కాయల్లో రసానికి తగినంత తొక్క దొరుకుతుంది. పండు ఎంత అందంగా ఉంటే వైనుకు అంత పనికిరాదని చెప్పినా తప్పులేదు. హైదరాబాదు రైతు తిండి ద్రాక్షను ఎంచుకున్నాడు. సీజనులో బజారు చేతిలో ఉన్నవాడు చేసే సరైన పనే అది.

ఇక రాత్రి చల్లదనం. కాయ పాకానికి వచ్చేటప్పుడు చక్కెర పెరుగుతూ ఆమ్లం తగ్గుతుంది. టార్టారిక్ అంతగా కదలదు. మాలిక్ ఆమ్లాన్ని మాత్రం కాయ తన శ్వాసకు ఇంధనంగా వాడుకుంటుంది. రాత్రి వెచ్చగా ఉంటే ఆ శ్వాస ఆగదు, తెల్లవారేసరికి మాలిక్ ఖర్చైపోతుంది. తొక్కలో ఎర్రరంగునిచ్చే ఆంథోసయనిన్లు కూడా వెచ్చని రాత్రుల్లో సరిగా పట్టవు. నాసిక్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. పగలు ఎండ మామూలే. ఎండలో చక్కెర చేరి, చలిలో పులుపు నిలుస్తుంది. మన తీరంలో సంక్రాంతి చలి కూడా ఆ మేరకు దిగదు, సముద్రం దిగనివ్వదు.

ప్రకృతి ఇచ్చిన చలి తోట వరకే సరిపోతుంది. తొట్టెలో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. ఒక శాతం చక్కెర పులిస్తే రసం సుమారు 1.3 డిగ్రీలు వేడెక్కుతుంది. ఇరవై రెండు శాతమున్న రసం, ఆ వేడి బయటికి పోకపోతే, పాతిక డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. అసలే ముప్పై డిగ్రీల ఊళ్లో మొదలుపెడితే ఈస్టు మధ్యలోనే చచ్చిపోతుంది, బ్యాక్టీరియా వచ్చి కూర్చుంటుంది. తెల్ల వైనును 12 నుంచి 16 డిగ్రీల మధ్య నెమ్మదిగా పులియబెట్టాలి, లేకపోతే పండు వాసన ఎగిరిపోతుంది. చుట్టూ చల్లటి ద్రవం ప్రవహించే స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు, ఆగని కరెంటు వచ్చేదాకా వేడిదేశంలో మంచి వైను చేయడం సాధ్యం కాలేదు. నా అభిప్రాయంలో భారతీయ వైను చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు ఈ శీతలయంత్రమే. గోల్కొండ సుల్తానుల నాటి తయారీదారులకు లేనిది తీగ కాదు, నైపుణ్యమూ కాదు. వాళ్లకు లేనిది చల్లటి తొట్టె. బ్రెజిల్‌లో భూమధ్యరేఖకు తొమ్మిది డిగ్రీల దూరంలోని సావో ఫ్రాన్సిస్కో నదీలోయ నేడు ఏడాదికి రెండుసార్లు ద్రాక్ష కోసి వైను చేస్తున్నదంటే, అక్కడ పనిచేసేవి కూడా కత్తెర, కాలవ, శీతలయంత్రమే.

ఈ మూడూ కలిసిన ప్రయత్నం మన దేశంలో 1980లలో మొదలైంది. నారాయణగావ్‌లో శ్యామ్‌రావ్ చౌగులే స్థాపించిన ఇండాజ్ ఫ్రెంచి నిపుణుల సాయంతో నురగ వైను చేసి విదేశాలకు పంపింది. 1988లో కన్వల్ గ్రోవర్ నంది కొండల దగ్గర ఫ్రెంచి రకాలు నాటించాడు. అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్, గోదావరి మీది గంగాపూర్ జలాశయం దగ్గర 1997లో సోవిన్యోఁ బ్లాఁ, షెనాఁ బ్లాఁ తీగలు నాటి, 2000లో సులా పేరుతో మొదటి సీసాలు బయటికి తెచ్చాడు. అదే 1997లో పుణె దగ్గర మాంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం మొదలైంది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి పరిశ్రమ విధానం ప్రకటించింది. వైనును సారాతో కలిపి చూడకుండా, వ్యవసాయ ఉత్పత్తిగా చూసి ఎక్సైజు సుంకంలో రాయితీ ఇచ్చింది. దిగుమతి వైను మీద 150 శాతం సుంకం ఉండటం కూడా కలిసొచ్చింది. కర్ణాటక 2007లో సొంత విధానం తెచ్చింది. ఎదుగుదల సాఫీగా సాగిందనుకోకండి. అప్పుచేసి అతిగా విస్తరించిన ఇండాజ్ 2010 ప్రాంతానికి కుప్పకూలింది, వైను ద్రాక్ష వేసిన రైతులు ఎందరో తీగలు పీకేసి తిండి ద్రాక్షకు మళ్లారు. సులా 2022 డిసెంబరులో షేరు మార్కెట్టుకెక్కింది. అదే నెలాఖరున ఆస్ట్రేలియాతో కుదిరిన వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చి, ఖరీదైన సీసాల మీద దిగుమతి సుంకం తగ్గడం మొదలైంది. దేశంలో తాగే మద్యంలో వైను వాటా ఇప్పటికీ ఒక శాతం లోపే.

తెలుగునాట ఆ సంవత్సరాలు వేరుగా నడిచాయి. అంగలకుదురు ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికే సంపూర్ణ మద్యనిషేధం ఉంది. ఆంధ్రప్రదేశ్‌గా ఏర్పడ్డాక అది సడలింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడంతో మొదలైన ఉద్యమం వల్ల 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారు. ద్రాక్ష తీగ నాటాక సరైన కాపు రావడానికి మూడేళ్లు పడుతుంది, తోట ఉండేది పదిహేను ఇరవై ఏళ్లు. రెండేళ్లకోసారి చట్టం మారే చోట అలాంటి పెట్టుబడి ఎవరూ పెట్టరు. ఈలోగా హైదరాబాదు పెరిగింది. బోర్లు అడుగంటాయి, పందిరి తోటలున్న భూములు ప్లాట్లయ్యాయి.

దీన్ని నష్టంగా ఏడవాలా అంటే, నేను ఏడవను. దూబగుంట తల్లులు చేసింది న్యాయం. మద్యపానీయాలు క్యాన్సరు కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది, వైనూ వాటిలో ఒకటే. గుండెకు మంచిదన్న ప్రచారాన్ని నమ్మి ఎవరూ మొదలుపెట్టనక్కర్లేదు. నేర్చుకోవలసింది గ్లాసులోది కాదు, దాని వెనక ఉన్న పని. మొగ్గను కోసి చూసే ప్రయోగశాల రైతుకు అందుబాటులో ఉండటం, ఒక పంట కోసమే పరిశోధన కేంద్రం, కోసిన గంటల్లో చల్లబరిచే ఏర్పాటు, పదేళ్లపాటు మారని విధానం.

మన దగ్గర ఆ పని కోసం ఎదురుచూస్తున్న రసం ఉంది. లొట్టికి సున్నం పూస్తే తాటి రసం పులవకుండా నీరాగా దిగుతుందని గీత కార్మికులకు తరతరాలుగా తెలుసు. క్షారగుణం ఉన్న సున్నం సూక్ష్మజీవులను ఆపుతుంది. కానీ సున్నం రుచి మిగులుతుంది, దాన్ని మళ్లీ తీయాలి. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి చెట్టు మీదనే మంచుపెట్టెలో రసం పట్టే పరికరం తయారుచేసింది. సున్నం అక్కర్లేకుండా, చుక్క పడ్డ క్షణం నుంచీ చల్లగా ఉండి రసం తాజాగా దిగుతుంది. నాసిక్ తొట్టెలో పనిచేసిన సూత్రమే ఇది. తాడి మీద పరిశోధనకు రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో కేంద్రం ఉంది. హైదరాబాదులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల, ఆహార సాంకేతిక కళాశాల, కోత అనంతర సాంకేతిక కేంద్రం ఉన్నాయి. చుట్టూ రేపల్లె దాకా తాడితోపులున్నాయి. తాటిచెట్టు గీతకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. ఇటుక బట్టీలకని, గట్టు విశాలమవుతుందని వాటిని కొట్టేసేవాళ్లు, కొట్టించేవాళ్లు ఒక్కసారి ఆగాలి. బాపట్ల శాస్త్రజ్ఞులు, గీత సహకార సంఘాలు కలిసి ఒక్క ఊళ్లోనైనా, ఒక్క సీజనైనా ఆ మంచుపెట్టెను తాడిచెట్టు ఎక్కించి చూడాలని నా మనవి.